వయస్సుతో మారే భోజనం: పీచు, కొవ్వు

బరంపురంలో అనేక కుటుంబాలలో మూడు తరాలవారు ఒకే పొయ్యి మీద వండినది తింటారు. అయినప్పటికీ వారికి అందే పీచుపదార్థం, కొవ్వు సమానంగా ఉండవు. ఆ తేడా ఎక్కడ కలుగుతున్నదో, దానిని ఎట్లు సరిదిద్దుకోవచ్చునో ఈ పాఠం వివరిస్తుంది.

ఎంత అవసరం?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచనల ప్రకారం ప్రతి 1000 కిలో కేలరీల ఆహారంలో సుమారు 15 గ్రాముల పీచు ఉండాలి. శారీరక శ్రమ తక్కువగా గల పురుషునికి రోజుకు 25 గ్రాములు, స్త్రీకి 20 గ్రాముల నూనె, నెయ్యి కలిపి సరిపోతాయి. గ్రాము పిండిపదార్థం 4 కిలో కేలరీలు ఇస్తే, గ్రాము కొవ్వు 9 ఇస్తుంది.

యౌవనం, నడివయస్సు

యువతీయువకులకు కొవ్వు ఇంటి వంటలోనే కాక, వీధిలో తినే పూరీ, బరా, సమోసా, పకోడీలలోనూ చేరుతుంది. ఇది ఇంటి నూనె లెక్కలోకి రాదు. నడివయస్సులో నడక, శ్రమ తగ్గుతాయి. నూనె వాడకం మాత్రం పాత అలవాటు ప్రకారమే సాగుతుంది. బరువు, రక్తపోటు, మధుమేహం విషయంలో జాగ్రత్త వహించవలసిన కాలమిదే.

వార్ధక్యం

వృద్ధుల విషయంలో లోపం వేరు. పాలిష్ పట్టిన 100 గ్రాముల బియ్యంలో పీచు 3 గ్రాములకు మించదు. కనుక పీచు ప్రధానంగా అన్నంతో కలుపుకొనే పప్పు, కూర, ఆకుకూరల నుండి లభించాలి. పళ్లు కదలినవారు మొదట మానివేసేవి కూరలే. చివరకు చారన్నం, పెరుగన్నం మాత్రమే మిగులుతాయి. రాత్రి లేవవలసి వస్తుందని నీరు కూడా తగ్గిస్తారు. మలబద్ధకం ఆరంభమైనా సంకోచంతో ఇంట్లో చెప్పరు. ఆకలి తగ్గినంత మాత్రాన పీచు నిష్పత్తి తగ్గరాదు. తక్కువ తినేవారి ప్రతి ముద్దలోనూ పీచు ఉండటం మరింత ముఖ్యం.

ఇంట్లో చేయదగినవి

వృద్ధులకు కూరలు మానిపించక మెత్తగా ఉడికించి పెట్టాలి. ఇరుగుపొరుగు ఒడియా ఇళ్లలో వండే డాల్మా ఇందుకు మంచి ఉదాహరణ. పప్పులో పచ్చిబొప్పాయి, గుమ్మడి, వంకాయ, అరటికాయ ఉడికించి చివర కొద్దిపాటి నేతితో పోపు పెడతారు. మన దప్పళం కూడా ఇటువంటిదే. ఒడియాలో మాండియా అనే చోళ్లలో 100 గ్రాములకు సుమారు 11 గ్రాముల పీచు ఉంటుంది. చోడి అంబలికి నమలవలసిన పని లేదు.

పీచును ఒక్కసారిగా కాక, కొన్ని వారాలలో క్రమంగా పెంచాలి; తగినంత నీరు త్రాగాలి. మూత్రపిండాల లేదా గుండె జబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

అభ్యాసం

1. ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు గల ఇంటికి రోజుకు 90 గ్రాములు, అంటే 30 రోజులకు 2 కిలోల 700 గ్రాముల నూనె, నెయ్యి సరిపోతాయి. మీ ఇంట్లో నెలకు ఎంత ఖర్చవుతున్నది?

2. ఈ రోజు ఇంటిలోని పెద్దవారి పళ్లెంలో అన్నం కాక ఏమేమి ఉన్నవి? వాటిలో వారు తినక విడిచిపెట్టినవి ఏవి? కారణం వారినే అడిగి తెలుసుకొనండి.