ఇంధన పొదుపు సర్టిఫికెట్లకు ధర ఎందుకు నిలవలేదు?

2017 సెప్టెంబరు 26న ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజిలో ఒక కొత్త సరుకు బేరానికి వచ్చింది. దానికి గోదాము అక్కరలేదు, గోతం అక్కరలేదు. తేమ, తాలు చూడవలసిన పని లేదు. పేరు ఇంధన పొదుపు సర్టిఫికెట్. మొదటి రోజున 1,200 రూపాయలు పలికింది. ఆ ధర నిలవలేదు. తర్వాతి వారాలలో అది వందలలోకి దిగింది. ఒక్కొక్క సర్టిఫికెట్ వెనుక వున్న ఇంధనానికి ప్రభుత్వం కట్టిన విలువ మాత్రం 10,968 రూపాయలు. పదకొండు వేల సరుకుకు వెయ్యి కూడా రాకపోవడం ఎలా జరిగిందో వర్తకులు తెలుసుకోదగినది. ఈ జాతి సరుకే వేరొక పేరుతో మళ్లీ మార్కెట్ గడప తొక్కుతున్నది.

ముందుగా సరుకు పుట్టుక. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం 2002 మార్చి 1న అమలులోకి వచ్చింది. ఇంధనం ఎక్కువగా వాడే కార్ఖానాలను ‘నిర్దేశిత వినియోగదారులు’గా ప్రకటించే అధికారాన్ని అది కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ జాబితాలో చేరిన కార్ఖానా ఒక ఎనర్జీ మేనేజరును నియమించుకోవాలి. ఏటా వాడకం లెక్కలు దాఖలు చేయాలి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ గుర్తింపు పొందిన ఆడిటరుచేత మూడేళ్లకొకసారి ఆడిట్ చేయించుకోవాలి. ఇది ఐచ్ఛికం కాదు, నిర్బంధం.

జాబితాకు కొలత ‘చమురు టన్ను’. బొగ్గు, కరెంటు, డీజిలు, గ్యాసు అన్నిటినీ ఒకే కాటామీద తూచడానికి ఏర్పరచిన లెక్క ఇది. ఒక టన్ను చమురు మండితే వచ్చే వేడి కోటి కిలో కేలరీలు. కరెంటు యూనిట్‌కు 860 కిలో కేలరీల చొప్పున ఒక చమురు టన్ను 11,628 యూనిట్లకు సమానం. మొదటి విడతలో సిమెంటు, కాగితం, ఎరువులు, ఉక్కు కార్ఖానాలకు ఏడాదికి 30,000 చమురు టన్నుల హద్దు పెట్టారు. బట్టల మిల్లులకు మాత్రం 3,000 టన్నులే. అంటే సుమారు మూడున్నర కోట్ల యూనిట్లు. గుంటూరులోని స్పిన్నింగు మిల్లు యజమాని పన్నెండు నెలల కరెంటు బిల్లులు కూడుకుంటే తాను హద్దుకు ఏ పక్కన వున్నదీ చాలావరకు తెలిసిపోతుంది.

ఆడిట్ అనగానే ఖాతా పుస్తకాలు తలపుకు వస్తాయి గాని, ఇక్కడ చూసేవి యంత్రాలు. బాయిలరు పొగగొట్టంగుండా ఎంత వేడి పోతున్నది, కంప్రెసరు గాలి ఏ పైపు కీళ్ల దగ్గర కారిపోతున్నది, మోటార్లు సగం లోడుతో తిరుగుతున్నవా, సిమెంటు బట్టీనుంచి బయటికి పోయే వాయువుల ఉష్ణోగ్రత ఎంత అన్నవి కొలుస్తారు. ఏ మార్పుకు ఎంత ఖర్చు, అది ఎన్నాళ్లలో తిరిగి వస్తుందన్నది నివేదికలో వుంటుంది. ఈ ఆడిటరుకు ఫీజు ఇచ్చేది కార్ఖానాయే. అమ్మేవాడి ఖర్చుమీదనే కాటా నడుస్తున్నదన్న సంగతి కొనేవారు గుర్తుంచుకోవాలి.

ఆడిట్‌తో సరిపెట్టక ప్రభుత్వం 2012లో ‘పాట్’ పథకాన్ని తెచ్చింది. 8 రంగాలలోని 478 కార్ఖానాలకు ఒక టన్ను ఉత్పత్తికి ఇంత ఇంధనమే వాడాలని మూడేళ్ల లక్ష్యం విధించారు. లక్ష్యం దాటి పొదుపు చేసినవారికి చమురు టన్నుకు ఒక సర్టిఫికెట్ చొప్పున ఇస్తారు. లక్ష్యం తప్పినవారు తగ్గినంత మేర కొని జమకట్టాలి.

లెక్క కట్టే తీరు ఇట్లా వుంటుంది. ప్రారంభ సంవత్సరంలో 10 లక్షల టన్నుల సిమెంటు తీసిన ఒక కార్ఖానాకు టన్నుకు 0.076 చమురు టన్నుల లక్ష్యం పెట్టారనుకుందాం. మూడేళ్ల తర్వాత వాడకం 0.075కు దిగితే తేడా 0.001. దానిని 10 లక్షలతో హెచ్చిస్తే 1,000 సర్టిఫికెట్లు. ఇక్కడ ఒక మెలిక వున్నది. ఈలోగా ఉత్పత్తి 15 లక్షల టన్నులకు పెరిగినా హెచ్చించేది పాత 10 లక్షలతోనే. విస్తరణ చేసిన కార్ఖానా పేరు చూసి సర్టిఫికెట్లు కుప్పలుగా వస్తాయని అంచనా కడితే లెక్క తప్పుతుంది.

గిరాకీ, సరఫరా

2015 మార్చితో ముగిసిన మొదటి విడతకు లక్ష్యం 66.86 లక్షల చమురు టన్నుల పొదుపు. సాధించినది 86.7 లక్షలు. కార్ఖానాలు బాగా పనిచేసిన మాట నిజమే గాని, లక్ష్యాలు సులువుగా వున్నవనడానికి కూడా ఇదే సాక్ష్యం. ఫలితంగా 309 కార్ఖానాలకు 38.25 లక్షల సర్టిఫికెట్లు దక్కగా, 110 కార్ఖానాలు కొనవలసినవి 14.25 లక్షలు మాత్రమే. అమ్మకందార్లు ముగ్గురుంటే కొనేవాడు ఒక్కడు. ఏ యార్డులోనైనా ఇట్లాంటి రాబడికి ధర నిలవదు. చివరకు దాదాపు 13 లక్షల సర్టిఫికెట్లు చేతులు మారినవి. మొత్తం విలువ సుమారు 100 కోట్ల రూపాయలు. సగటున ఒక్కింటికి 770 రూపాయల ప్రాంతం. అమ్ముడుపోని 25 లక్షలు తర్వాతి విడతకూ చెల్లుతాయి గనుక పాత నిల్వ కొత్త పంట నెత్తిన కూచున్నది.

రెండవ విడతలో కార్ఖానాల సంఖ్య 621కి, రంగాలు 11కు పెరిగినవి. ఈసారి 57.38 లక్షల సర్టిఫికెట్లు ఇవ్వగా, కొనుగోలు అవసరం 36.67 లక్షలు. మళ్లీ మిగులే. అప్పటికి చమురు టన్ను విలువను 18,402 రూపాయలుగా ప్రకటించారు. అందులో పదోవంతు, 1,840 రూపాయలు, కనీస ధరగా పెట్టారు. మద్దతు ధర పెట్టవలసి వచ్చిందంటేనే మార్కెట్ స్వయంగా నిలబడలేదని అర్థం.

కాలవ్యవధి మరొక దెబ్బ. మొదటి విడత 2015 మార్చిలో ముగిస్తే బేరాలు మొదలైనది 2017 సెప్టెంబరులో. రెండవది 2019 మార్చిలో ముగిస్తే 2021 అక్టోబరులో. రెండు సార్లూ రెండున్నరేళ్లు. లక్షలు పోసి యంత్రాలు మార్చిన మిల్లు యజమాని అంతకాలం వడ్డీ మోసిన తర్వాత గాని సర్టిఫికెట్ సొమ్ము చూడలేదు. ఆ సొమ్మును నమ్ముకుని అప్పు తెచ్చినవాడి సంగతి చెప్పనక్కరలేదు. కరెంటు బిల్లులో తగ్గినదే అతనికి అసలు లాభం, సర్టిఫికెట్ కొసరు.

దండన భయం

ఈ సరుకును ఎవరూ ఇష్టపడి కొనరు. కొనకపోతే పడే దండనే దానికి గిరాకీ. లక్ష్యం తప్పి 1,000 సర్టిఫికెట్లు బాకీపడ్డ కార్ఖానా 1,840 చొప్పున కొంటే 18.4 లక్షలతో బయటపడుతుంది. కొనకపోతే చట్టప్రకారం 10 లక్షల దాకా జరిమానా, ఆపైన చమురు టన్ను విలువ చొప్పున 1 కోటి 84 లక్షలు. 2022 సవరణ చట్టం ఈ అదనపు మొత్తాన్ని రెండింతల దాకా పెంచవచ్చునన్నది. కాగితం మీద చూస్తే కొనడమే లాభం. కాని జరిమానా తనంతట తాను పడదు. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నియమించే అధికారి విచారణ జరిపి తేల్చాలి. ఆ దారి ఎంత పొడుగైతే కొనుగోలుదారుకు అంత ధీమా.

బ్రోకర్లు గమనించవలసిన సంగతి ఇంకొకటి. ఈ సర్టిఫికెట్ల లావాదేవీలలో పాల్గొనే అర్హత రిజిస్టరయిన నిర్దేశిత వినియోగదారులకే ఇచ్చారు. చౌకగా వున్నప్పుడు కొని నిల్వపెట్టే వర్తకుడికి చోటు లేదు. మిగులు సరుకును భుజానికెత్తుకునేవాడు లేని మార్కెట్లో ధర జారితే ఆపే చెయ్యి వుండదు.

ఇక వేరొక పేరుతో వచ్చినది కర్బన క్రెడిట్ల పథకం. 2023 జూన్ 28న దీనిని ప్రకటించారు. ఇక్కడ కొలత చమురు టన్ను కాదు, కార్బన్ డయాక్సైడ్ టన్ను. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, క్లోర్ ఆల్కలి, కాగితం రంగాలలోని 282 యూనిట్లకు తొలి లక్ష్యాలు విధించారు. ప్రాతిపదిక 2023–24, లక్ష్యం నెరవేర్చవలసిన సంవత్సరాలు 2025–26, 2026–27. నల్లగొండ, కడప, కర్నూలు ప్రాంతాల సిమెంటుతో వ్యాపారం చేసేవారు ఈ జాబితాను ఒకసారి తిరగవేయడం మంచిది. రేపు క్రెడిట్లు కొనవలసి వచ్చే కార్ఖానా ఆ ఖర్చును బస్తా ధరలో కలిపే ప్రయత్నం చేయకమానదు.

దండన పద్ధతి కూడా మారింది. లక్ష్యం తప్పి, క్రెడిట్లు కొననివారు మార్కెట్‌లో పలికిన సగటు ధరకు రెండింతలు పరిహారం కట్టాలి. పాత పథకంలో సర్టిఫికెట్ ధర ఎంత పడినా దండన చమురు టన్ను విలువతోనే ముడిపడి వుండేది. ఇప్పుడు ధర పడితే దండన కూడా దానితోపాటే దిగుతుంది. కనుక తొలి బేరాల ధర కన్నా ముందు, ఎన్ని క్రెడిట్లు జారీ అయినవి, ఎన్ని కొనవలసి వున్నవి అన్న రెండు అంకెలు చూడాలి.