సృజనకు ప్రాణము ధైర్యము

మానవునియందు సృజనశక్తి లేకపోవుట అరుదు. దానిని వెలికి దెచ్చుటకు ధైర్యము చాలకపోవుటయే సాధారణము. పాడనెంచినవాడు శ్రుతి తప్పునేమో యని వెనుదీయును. వ్రాయదలచినవాడు నలుగురు నవ్వుదురేమో యని కలమును క్రింద పెట్టును. ఆరంభింపని పనిలో దోషముండదు. కాని ఫలమును ఉండదు.

క్రొత్తవానికంటె పేరు గడించినవానికి ఈ భయము మిక్కుటము. ధనము కూడబెట్టినవానికి దొంగభయము పెరిగినట్లే, కీర్తిమంతునకు దానిని పోగొట్టుకొందునేమో యను భీతి పెరుగును. దీనిని జయించినవారిలో రవీంద్రనాథ ఠాగూరు ఒకరు.

1861లో జన్మించిన రవీంద్రుడు 1913లో నోబెల్ బహుమానము పొందెను. కవిగా ఆయన నిరూపించుకొనవలసినది ఇక ఏదియు లేదు. అట్టివాడు అరువదియేండ్లు దాటిన పిదప చిత్రలేఖనమునకు పూనుకొనెను. ఆ విద్యలో ఆయనకు క్రమమైన శిక్షణ లేదు. పైగా అన్నకుమారుల వరుసవారైన అవనీంద్రనాథుడు, గగనేంద్రనాథుడు అప్పటికే ప్రసిద్ధ చిత్రకారులు. శాంతినికేతనములోని కళాభవనమున నందలాల్ బోసు ఉండెను. చెంతనే ఇందరు నిపుణులుండగా, అక్షరాభ్యాసము చేయు బాలునివలె ముదిమిలో కుంచె పట్టుటకు ఎంతటి గుండెదిటవు కావలెను!

ఆ చిత్రములు పుట్టిన విధమును ఆలోచింపదగినదే. వ్రాతప్రతిలో నచ్చని పదములను కొట్టివేసినపుడు, ఆయన ఆ కొట్టివేతలను గీతలతో కలిపి ఒక ఆకృతిగా మలచుచుండెను. 1924లో అర్జెంటీనాలో విశ్రమించినపుడు, ‘పూరవి’ కావ్యపు వ్రాతప్రతిలో ఇట్టి రూపములను చూచి, ఆతిథ్యమిచ్చిన రచయిత్రి విక్టోరియా ఒకాంపో ముగ్ధురాలయ్యెను. 1930లో పారిస్ నగరమున ఆయన చిత్రముల ప్రదర్శనము జరుగుటకు ఆమెయే తోడ్పడెను. అప్పటికి ఆయన డెబ్బదియేండ్లకు చేరువలో ఉండెను. ఆ యేడే బెర్లిన్, మాస్కో, న్యూయార్కు నగరములలోను ఆ చిత్రములు ప్రదర్శింపబడెను. 1941లో దేహము చాలించునాటికి ఆయన వేసిన చిత్రములు రెండు వేలకు మించెను.

కొట్టివేసిన మాటయే ఇచట చిత్రమునకు బీజమైనది. మనము పొరపాటును దాచుదుము; లేదా దానినే తలచుకొని క్రుంగుదుము. పొరపాటును ఎదుట నుంచుకొని, దీనితో ఏమి చేయగలనని ప్రశ్నించుటయే సృజనకు వలసిన ధైర్యము. అది తొందరపాటు కాదు, లోకధిక్కారమును కాదు. ఓర్పుతో కూడిన నిబ్బరము.

భగవద్గీత 16వ అధ్యాయమున దైవీసంపదను పేర్కొనుచు భగవానుడు అభయమును మొట్టమొదట నిలిపెను. భయము తొలగనిదే తక్కిన సద్గుణములు ఆచరణలోనికి రాజాలవు గదా! నిజమునకు మనము భయపడునది పనిని గూర్చి కాదు. ‘నా పేరేమగునో’ యని. ఆ ‘నేను’ను ప్రక్కకు నెట్టి పనియందే మనస్సు నిలిపినపుడు చేయి వణకదు.

ఈ సాధన కవులకే కాదు. పాతబడిన పాఠమును క్రొత్తరీతిని బోధింపదలచిన ఉపాధ్యాయునికిని, నడివయస్సున వీణ నేర్వగోరు గృహిణికిని ఇది అవసరమే. మొదటినాటి స్వరము అపస్వరము కావచ్చును. రెండవనాడు మరల వీణ ముందు కూర్చుండుటలోనే ధైర్యమున్నది.