ఆడటం వేరు, ఆడించటం వేరు

బాగా ఆడినవాడల్లా బాగా నేర్పగలడని మనవాళ్ళ నమ్మకం. నాకైతే అది సగమే నిజమనిపిస్తుంది.

పుల్లెల గోపీచంద్ గారినే చూడండి. పుట్టింది మన ప్రకాశం జిల్లా నాగండ్లలో (2022లో ఆ ఊరు బాపట్ల జిల్లాకు పోయిందనుకోండి, అయినా మనవాడే!). 1994లో మోకాలు దెబ్బతిన్నా, 2001లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. తర్వాత ఇల్లు తాకట్టు పెట్టి మరీ హైదరాబాదులో కట్టిన అకాడమీ 2008లో మొదలైంది.

అక్కడ ఆయన తన షాట్లు పిల్లలకు అంటగట్టలేదు. సింధుకు ఆట ఉంది, దూకుడు తక్కువ. అందరి ఎదుటా కోర్టు మధ్యలో నిలబడి గట్టిగా అరవమన్నారట. అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నారట. ఆ అమ్మాయి ఏడ్చింది, చివరికి అరిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చింది. స్మాష్ ఎవరైనా నేర్పుతారు. బెరుకు ఎక్కడుందో కనిపెట్టటమే కష్టం.

మార్కాపురంలో, గిద్దలూరులో ఒకప్పుడు కాలేజీకి వాలీబాల్ ఆడిన అన్నలు గట్టుమీద కూర్చుని "మా రోజుల్లో..." అంటుంటారు. వాళ్ళను నేనడిగేది ఒకటే. ఆ కుర్రాడు బంతికి ఎందుకు ఆలస్యంగా లేస్తున్నాడో, ఓ వారం దగ్గరుండి చూసి చెప్పన్నా!