కెమెరా బ్యాటరీ మౌంట్ ఎందుకు విరుగుతుంది? వారంటీకి ఇచ్చే ముందు ఇవి తెలుసుకోండి

వీడియో కెమెరా రివ్యూ ఏది చూసినా సెన్సార్ సైజు, 4కె, ఆటోఫోకస్, జూమ్ గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. వెనకాల బ్యాటరీ తగిలించే ప్లాస్టిక్ ప్లేట్ గురించి ఒక్క లైన్ ఉండదు. కానీ పెళ్ళిళ్ళు, ఈవెంట్లు షూట్ చేసేవాళ్ళని అడగండి. సెన్సార్ పోయిన కెమెరాలు వాళ్ళు పెద్దగా చూసి ఉండరు. బ్యాటరీ లూజ్ అయ్యి మధ్యలో ఆగిపోయిన కెమెరా మాత్రం తప్పకుండా చూసి ఉంటారు.

ఇది ఏ ఒక్క కంపెనీ సమస్యా కాదు. అసలు కారణం బీటెక్ ఫస్ట్ ఇయర్ ఇంజనీరింగ్ మెకానిక్స్ లో ఉంది. (ఆ సబ్జెక్ట్ ఎప్పటికైనా పనికొస్తుందని నేనూ అనుకోలేదు!)

సోనీ ఎన్‌పీ-ఎఫ్ సిరీస్ బ్యాటరీలు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. క్యామ్‌కార్డర్లకే కాదు, ఎల్ఈడీ లైట్లకీ, ఫీల్డ్ మానిటర్లకీ ఇవే వాడతారు. ఇందులో చిన్నది ఎఫ్550, పెద్దది ఎఫ్970. రెండిటి పొడవు, వెడల్పు ఒకటే కాబట్టి ఒకే మౌంట్ లో కూర్చుంటాయి. తేడా అంతా మందంలోనే. చిన్నది సుమారు 20 మిల్లీమీటర్లు, బరువు 100 గ్రాములు. పెద్దది సుమారు 60 మిల్లీమీటర్లు, బరువు 300 గ్రాములు.

బరువు మూడు రెట్లే కదా అనిపిస్తుంది. కానీ బ్యాటరీ మౌంట్ నుంచి బయటికి పొడుచుకుని వేలాడుతోంది. అందుకే చూడాల్సింది బరువొక్కటే కాదు, బరువుని దూరంతో గుణించాలి. చిన్న బ్యాటరీ బరువు మౌంట్ నుంచి 10 మిల్లీమీటర్ల దూరంలో పనిచేస్తే, పెద్దదాని బరువు 30 మిల్లీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. బరువు మూడు రెట్లు, దూరం మూడు రెట్లు. అంటే మౌంట్ ని వంచే బలం మొత్తం 9 రెట్లు! ఇది కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా ఉన్నప్పటి లెక్క. అదే కెమెరాని బ్యాటరీతో సహా కారు డిక్కీలో పడేసి గతుకుల రోడ్డు మీద తీసుకెళ్తే, ప్రతి కుదుపుకీ ఆ బలం ఇంకా పెరుగుతుంది. దాన్నంతా ఆపేది గోరంత మందం ఉండే నాలుగు ప్లాస్టిక్ కొక్కేలు, ఒక చిన్న గొళ్ళెం.

కాబట్టి నా దృష్టిలో మౌంట్ ని కాపాడే అన్నిటికంటే మంచి అలవాటు పైసా ఖర్చు లేనిది: ప్రయాణంలో బ్యాటరీ తీసేయడం. రెండోది, ఉబ్బిన బ్యాటరీని బలవంతంగా తొయ్యకపోవడం. అది లోపలికి వెళ్తుంది కానీ కొక్కేలని విడదీస్తుంది. డూప్లికేట్ బ్యాటరీల్లో కొన్ని కొలత తేడాతో వస్తాయి. ఊగుతూ కూర్చున్నాయంటే అవి కూడా మౌంట్ ని అరగదీస్తాయి.

విరిగే ముందు కెమెరా మనకి హింట్స్ ఇస్తుంది. బ్యాటరీని వేలితో కదిపితే స్క్రీన్ ఆరిపోవడం అందరికీ తెలిసినదే. అంతకంటే ముందు వచ్చేది ఒకటుంది. ఎన్‌పీ-ఎఫ్ లాంటి స్మార్ట్ బ్యాటరీల్లో ప్లస్, మైనస్ తో పాటు డేటా కోసం ఇంకో కాంటాక్ట్ ఉంటుంది. కెమెరా ఆన్ లోనే ఉండి, స్క్రీన్ మీద 'ఇంకా ఇన్ని నిమిషాలు' అనే అంకె మాత్రం వచ్చి పోతుంటే ఆ మూడో కాంటాక్ట్ సరిగ్గా ఆనట్లేదని అనుమానించాలి. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తో తుడిచి, వేరే ఒరిజినల్ బ్యాటరీ పెట్టి చూడండి. అప్పటికీ తగ్గకపోతే సర్వీస్ సెంటర్ కి వెళ్ళాల్సిందే. ఫెవిక్విక్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి కాంటాక్ట్స్ మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. పైగా వారంటీ రిజెక్ట్ చెయ్యడానికి మనమే కారణం అందించినట్టు అవుతుంది.

అసలు కథ సర్వీస్ సెంటర్ లో

మా పెదనాన్నగారి అబ్బాయి తెనాలిలో పెళ్ళి వీడియోలు తీస్తాడు. కిందటేడు మాఘమాసం ముహూర్తాలకి సరిగ్గా వారం ముందు అతని కెమెరా మౌంట్ లో ఒక కొక్కెం విరిగింది. వారంటీ ఇంకా నాలుగు నెలలు ఉంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కౌంటర్ లో అబ్బాయి ఒక్క చూపు చూసి "ఫిజికల్ డ్యామేజ్ సార్, వారంటీ రాదు" అన్నాడు. అన్నయ్య నాకు ఫోన్ చేసి "ఏరా, నువ్వు కంప్యూటర్లు చదివావుగా, వీళ్ళకేం చెప్పాలో చెప్పు" అన్నాడు. కంప్యూటర్లకీ దీనికీ సంబంధం లేదని చెప్పినా వింటేగా!

ఇక్కడ అర్థం చేసుకోవాల్సిన విషయం ఒకటుంది. సాధారణంగా వారంటీ మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్ కి వర్తిస్తుంది, కింద పడేసిన దానికి వర్తించదు. విరిగిన ప్లాస్టిక్ చూడగానే ఎవరికైనా 'పడేశారు' అనే అనిపిస్తుంది. కాదని చూపించాల్సింది మనమే, అది కూడా కెమెరా వాళ్ళ చేతికి ఇవ్వకముందే. కింద పడిన కెమెరాకి మూలల్లోనో, లెన్స్ హుడ్ మీదో, హ్యాండిల్ మీదో దెబ్బ ఉంటుంది. ఆ గుర్తులేవీ లేకుండా కొక్కెం మొదట్లో మాత్రమే పగులు ఉంటే, అది రోజువారీ వాడకంలో వచ్చిందని వాదించడానికి ఆధారం దొరికినట్టే. అందుకే అన్నయ్య చేత కెమెరా ఆరు వైపులా, పగులు దగ్గర క్లోజప్ లో ఫొటోలు తీయించాను. జాబ్ షీట్ మీద 'బాడీ మీద వేరే దెబ్బలు లేవు' అని రాయించుకోమన్నాను. ఈ ఒక్క లైన్ రాయడానికే అరగంట బతిమాలాల్సి వచ్చిందట.

తర్వాత ఈమెయిల్ లో రెండే అడిగాం: రిజెక్ట్ చేస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వండి, ఏ భాగం చూసి ఆ నిర్ణయానికి వచ్చారో ఫొటో పంపండి. నోటిమాటగా 'రాదు' అనడం తేలిక, సంతకం పెట్టి రాయడం కష్టం. నాలుగు రోజుల తర్వాత పార్ట్ ఫ్రీ, లేబర్ చార్జి మాత్రం మీదే అన్నారు. ఒప్పుకున్నాం. కెమెరా చేతికి వచ్చేసరికి మొత్తం 19 రోజులు. ఆ ముహూర్తాలన్నీ అద్దె కెమెరాతోనే లాగించాడు. మిగలాల్సిన డబ్బులో చాలా భాగం ఆ అద్దెకే పోయింది. ఆ నష్టాన్ని ఏ వారంటీ కార్డూ కవర్ చెయ్యదు.

వాళ్ళు ఒప్పుకోకపోయి ఉంటే? నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ తర్వాత జిల్లా కన్స్యూమర్ కమిషన్. కొన్న ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, సమస్య వచ్చిన 2 సంవత్సరాల లోపు ఫిర్యాదు చెయ్యాలి. కానీ వీడియోగ్రాఫర్లకి ఇందులో ఒక మెలిక ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారం కోసం వస్తువు కొన్నవాళ్ళు 'వినియోగదారుడు' కిందకి రారు. స్వయం ఉపాధితో, కేవలం బతుకుతెరువు కోసం కొన్నవాళ్ళకి మాత్రం మినహాయింపు ఉంది. కెమెరా తనే పట్టుకుని తీసే అన్నయ్య లాంటివాళ్ళు ఆ మినహాయింపు అడగొచ్చు. పది కెమెరాలు, జీతానికి మనుషులు ఉన్న స్టూడియోకి కష్టం. బిల్లు మీద కెమెరా సీరియల్ నంబర్ ఉందో లేదో కొన్న రోజే చూసుకోండి, ఎందుకంటే ఎక్కడికి వెళ్ళినా మొదట అడిగేది అదే.

ఇక పెద్ద బ్యాటరీ తప్పనిసరి అనేవాళ్ళకి: వి-మౌంట్ బ్యాటరీని రిగ్ రాడ్ల మీద పెట్టి, డమ్మీ బ్యాటరీ కేబుల్ తో కెమెరాకి కరెంట్ ఇవ్వొచ్చు. అప్పుడు మౌంట్ మీద పడేది డమ్మీ బరువే. ఒక్క జాగ్రత్త. ఎన్‌పీ-ఎఫ్ 7.2 వోల్టులది, ఫుల్ చార్జ్ లో 8.4. వి-మౌంట్ సాధారణంగా 14.4 వోల్టులది, ఫుల్ చార్జ్ లో 16.8. మధ్యలో వోల్టేజ్ తగ్గించే రెగ్యులేటర్ ఉన్న డమ్మీయే కొనండి. అది లేని కేబుల్ పెడితే మౌంట్ బాగానే ఉంటుంది, కెమెరా బోర్డు కాలిపోతుంది. అప్పుడు సర్వీస్ సెంటర్ అబ్బాయి 'వారంటీ రాదు' అంటే నా దగ్గర కూడా సమాధానం లేదు.