రోగిని చూడబోవుటకు ముందు

మెదడు క్యాన్సరునకు చికిత్స పొందుచున్న వ్యక్తికి ఊపిరితిత్తులలో వ్యాధి సోకినదని ఒక్కొక్కప్పుడు వినుచుందుము. మెదడెక్కడ, ఊపిరితిత్తులెక్కడ? ఈ సంబంధమెరుగనిచో ప్రేమతో చూడబోయిన చుట్టములే రోగికి కీడు చేయుదురు.

క్యాన్సరు కణములు అదుపులేక విభజన చెందుచుండును. దానిని అడ్డుటయే పెక్కు మందుల పని. కాని ఎముకల మూలుగలో తెల్ల రక్తకణములును వేగముగనే పుట్టుచుండును; మందు వానిని సైతము అణచును. అట్టి మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. దానిని కనుగొన్న పరిశోధకులకు నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించి, ఈ చెన్నపురి వైద్య కళాశాలలో చదివి, అమెరికాకు వెడలిన మహనీయుడాయన. మెదడులో పుట్టు లింఫోమా అను క్యాన్సరునకు ఆ మందును నేటికిని వాడుచున్నారు. సూక్ష్మజీవులను చంపు ఆరియోమైసిన్ కూడ ఆయన ఆధ్వర్యముననే 1948లో వెలువడినది. రక్షకకణములను తగ్గించు మందును, ఆ లోటున చొరబడు క్రిములను చంపు మందును ఒక్కరి చేతిమీదుగా వచ్చుట నాకెప్పుడును ఆశ్చర్యము గొల్పును.

ఆరోగ్యవంతుని రక్తమున ఘనమిల్లీమీటరునకు సుమారు 4,000 మొదలు 11,000 వరకు తెల్లకణములుండును. వానిలో న్యూట్రోఫిళ్లు 500కు దిగువకు పడినచో అపాయము మిక్కుటము. మెదడు వాపును తగ్గించుటకిచ్చు డెక్సామెథసోన్ కూడ శరీరపు కాపుదలను సడలించును. ఇంతేకాదు, అది జ్వరమును కప్పిపుచ్చగలదు. కావున వేడి లేకున్నను చలి, ఆయాసము, దగ్గు, మతిమరపు, కపాలమునకు చేసిన శస్త్రచికిత్స గాయమునుండి రసి కారుట కనిపించినచో వైద్యునకు తెలుపవలెను. న్యుమోసిస్టిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి రాకుండుటకు కొందరికి కోట్రైమోక్సజోల్ ఇత్తురు. “జబ్బు లేదు గదా, ఈ బిళ్ల యెందులకు?” అని తమంత తాము మానుట తగదు.

ఇక మన వాడుక సంగతి. నెల్లూరునుండియో చిత్తూరునుండియో చికిత్సకై వచ్చిన బంధువు మన యింట దిగినచో ఇరుగుపొరుగువారందరును పలుకరింప వత్తురు. రాకున్న నిష్ఠూరము! అయినను జలుబు గలవారు, ఆటలమ్మ సోకినవారు, అట్టివారితో మెలగినవారు రాకుండుటయే మేలు. పెద్దలకీమాట చెప్పుట పిల్లలకు కష్టమే. వాకిటనే చిరునవ్వుతో చెప్పవచ్చును. లోనికి వచ్చువారు సబ్బుతో 20 సెకండ్లు చేతులు కడుగవలెను. కోసి అమ్ము పండ్లకు మారుగా, కడిగి ఇంట ఒలిచిన పండ్లు పెట్టవలెను. ఇంటివారు ఏటేట ఫ్లూ టీకా వేయించుకొనుట మంచిది.

జ్వరము 100.4 డిగ్రీల ఫారెన్‌హీటునకు చేరినచో, పారాసెటమాల్ ఇచ్చి తెల్లవారువరకు వేచియుండరాదు. అర్ధరాత్రియైనను ఆసుపత్రికి తెలుపవలెను. గంటల ఆలస్యమే ప్రాణాంతకము కావచ్చును. ఆసుపత్రివారిచ్చిన టెలిఫోను నంబరును పెద్ద అంకెలతో వ్రాసి, ఉష్ణమాపకము ప్రక్కనే గోడకు అంటించియుంచుడు.