ఆకాశము నుండి రాలిన రాళ్లు

సూళ్లూరుపేట ప్రాంతపు ప్రజలకు ఆకాశమునకు పోవు వస్తువులు క్రొత్త కావు. 2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోట నుండి ఆదిత్య ఎల్-1 సూర్యుని పరిశీలింప బయలుదేరినపుడు మిద్దెలపై నుండి చూచినవారు అనేకులు. ఆకాశము నుండి దిగివచ్చు వస్తువులను గురించి మాత్రము మనము అంతగా యోచింపము. 1852లో నెల్లూరు ప్రాంతమున ఒక రాయి పడినది. శాస్త్రజ్ఞుల పట్టికలలో అది నేటికిని ‘నెల్లూరు’ అను పేరుతోనే ఉన్నది.

ఇట్టి రాళ్లలో కొన్ని పుట్టిన నాటి నుండి కరుగక, పెద్దగా మారక నిలిచినవి. 1969 ఫిబ్రవరి 8వ తేదీన మెక్సికోలో అయెండే గ్రామము వద్ద పడినది అట్టిదే. దానిని కోసి చూడగా నల్లని రాతిలో తెల్లని మచ్చలు కానవచ్చినవి. కొన్ని చింతగింజంత ఉన్నవి. వాటి వయస్సు సుమారు 456 కోట్ల 70 లక్షల సంవత్సరములు. మన భూమి కంటెను అవి పెద్దవి.

అవి ఎట్లు ఏర్పడినవి? ఉప్పుమడిని తలచుకొనుడు. సముద్రపు నీరు ఇగురు కొలది ముందుగా జిప్సము వంటి సున్నపు లవణములు అడుగున పేరుకొనును; ఉప్పు ఆ తరువాతనే. నీటిలో నిలువజాలనిది ముందు విడివడును. బాలసూర్యుని చుట్టును తిరిగిన వేడి వాయువులోను ఇట్టి వరుసయే నడచినది. అయితే అచట జరిగినది ఇగురుట కాదు, చల్లారుట. వేడి ఇంకను 1300 డిగ్రీల సెంటిగ్రేడుకు పైబడి ఉండగనే, ఇనుము మొదలగునవి ఆవిరిగా ఉండగనే, కాల్షియము, అల్యూమినియము, టైటానియము ఆక్సిజనుతో కూడి గట్టిపడినవి. కెంపులకు మూలమైన కురువిందము వీటిలో ఒకటి. ఈ రేణువులు కలిసి ముద్దలైనవి. కొన్ని మరల కరిగి గడ్డకట్టినవి. అవియే ఆ తెల్లని మచ్చలు.

మన నెల్లూరు రాయికి ఆ భాగ్యము లేదు. అది తాను పుట్టిన గ్రహశకలములోనే వేడెక్కుటచే తొలినాటి గురుతులు చాలవరకు చెరగినవి. ఆకాశమున చెరగకుండ వచ్చినది మన చేతిలో చెరగుటయు కలదు. పంచాయతీ సభ్యులు గమనింపవలసినది ఇదియే. పడిన రాయిని కడుగుట, పసుపు కుంకుమలు పూయుట, పగులగొట్టి పంచుకొనుట కూడదు. అయస్కాంతమును తాకించిన దానిలోని పాత అయస్కాంత గుణము పోవును. అట్టి రాయి నిప్పువలె కాలుచుండునను మాట వట్టిది. పలుచని నల్లని పెంకు మాత్రము ఉండును.

దానిని శుభ్రమైన సంచిలో ఉంచి, పడిన వేళయు స్థలమును వ్రాసికొని, తహశీల్దారునకును, హైదరాబాదులోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ కార్యాలయమునకును తెలుపవలెను. దొరకినది లోహపు గొట్టమో రేకో అయినచో తాకక పోలీసులకు చెప్పుడు. రాయి చేసిన గుంతను పూడ్పింపక, అధికారులు వచ్చి చూచువరకు అచట ఒక కావలివానిని ఉంచిన చాలును.