వేడి వేరు, మంట వేరు, దాహము వేరు

ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంక గ్రామముల నుండి నా వద్దకు వచ్చువారిలో పెక్కుమంది మొదట చెప్పు మాట ఒక్కటే: "వేడి చేసిందండీ." నోటిపూతకు అదే మాట, మూత్రములో మంటకు అదే మాట, జ్వరమునకు అదే మాట. వ్యాధులు వేరై మాట ఒక్కటైనచో చికిత్స దారి తప్పును. నిప్పునకు, వెలుగునకు సంబంధించిన మాటలను మన భాష, మన శాస్త్రము ఎంత జాగ్రత్తగా విడదీసినవో గృహస్థులు తెలిసికొనుట అవసరము.

"ఒళ్ళు కాగుతున్నది" అన్నచో ఆ వేడి ఇతరుల చేతికి తగులును, థర్మామీటరుకు అందును. "ఒళ్ళు మండుతున్నది" అన్నచో ఆ బాధ రోగికి మాత్రమే తెలియును. తాకి చూచినచో చర్మము చల్లగానే ఉండవచ్చును.

చరక సంహిత సూత్రస్థానము 20వ అధ్యాయములో 40 పిత్తవికారములు చెప్పబడినవి. ప్రక్కన నిప్పు ఉన్నట్లు సెగ తగులుట ఓషము. కొద్దిగా కాలినట్లుండుట ప్లోషము. ఒళ్ళంతయు మండుట దాహము. ఆహారము సరిగా పక్వము కాక పులిసి ఎదలో మంట పుట్టించుట విదాహము. ఒంటి వేడి హెచ్చుట ఊష్మాధిక్యము.

ఇచ్చట ఒక హెచ్చరిక. తెలుగులో దాహమనగా దప్పిక. సంస్కృతములో దాహమనగా మంట. దప్పికకు శాస్త్రములోని పేరు తృష్ణ. పై జాబితాలోనే దాహమును, తృష్ణాధిక్యమును వేర్వేరుగా లెక్కించిరి. కనుక వైద్యగ్రంథములో "దాహహరము" అని చదివి, అది దప్పిక తీర్చు మందని భ్రమపడరాదు.

ఇక అగ్ని. ఇది జీర్ణశక్తికి పేరు. సమము, విషమము, తీక్ష్ణము, మందము అని నాలుగు విధములు. తాడేపల్లిగూడెము బియ్యపు మిల్లుల ఊకతో పొయ్యి వెలిగించిన తల్లులకు మందాగ్నిని వివరించనక్కరలేదు. ఊకలో నిప్పు లోలోపల రగులుచుండును. మంట పైకి లేవదు. దానిపై పెద్ద దుంగ వేసినచో ఆరిపోవును. ఆకలి లేనివానికి బలమునకని నేయి, మాంసము పెట్టుటయు అట్టిదే.

అందుకే శార్ఙ్గధరుడు దీపనమును, పాచనమును విడదీసెను. అగ్నిని రగిల్చి, ఆమమును పచనము చేయనిది దీపనము, ఉదాహరణ సోపు. ఆమమును పచనము చేసి, అగ్నిని రగిల్చనిది పాచనము, ఉదాహరణ నాగకేసరము. రెండును చేయునది చిత్రమూలము. ఇది తీక్ష్ణమైన మందు. వైద్యుని సలహా లేక ఇంట వాడరాదు, గర్భిణులకు అసలే ఈయరాదు.

ఒంటిపై కనబడు వెలుగు కూడ తేజస్సు నుండి పుట్టినదే. వర్ణము రంగు. ఛాయ దగ్గరగా చూచినప్పుడు తెలియును, వర్ణమును కప్పును. ప్రభ దూరము నుండియే తోచును, వర్ణమును ప్రకాశింపజేయును. మన ఇండ్లలో ఆడపిల్ల నలుపా, తెలుపా అని చింతింతురు గాని, ప్రభ తగ్గినదా అని చూడరు. చామనఛాయ గల పిల్లలో రక్తహీనత చర్మముపై సులభముగా కనబడదు. క్రింది కనురెప్ప లోపలి భాగము, నాలుక పాలిపోయినచో ముఖలేపనములు మాని రక్తపరీక్ష చేయించవలెను.

చేపల చెరువు గట్టుపై ఎండలో పనిచేసినవాని ఒంటి వేడికి నీడ, నీరు, పలుచని మజ్జిగ తగును. ఆ ఎండలోనే ఒళ్ళు కాలిపోవుచు మాట తడబడినచో అది వడదెబ్బ. ఒళ్ళు తడుపుచు వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. మధుమేహ రోగికి రాత్రివేళ అరికాళ్ళు మండుట వేడి కాదు, నరముల బాధ కావచ్చును. గోరింటాకు పెట్టి కాలము గడపక చక్కెర పరీక్ష చేయించవలెను. ఎదలో మంటతో చెమట, ఆయాసము, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి ఉన్నచో అది విదాహమని సోడా త్రాగుచు కూర్చొనరాదు. గుండెపోటు కావచ్చును గనుక క్షణమైనను జాగు చేయరాదు.

వైద్యుని వద్దకు వెళ్ళునప్పుడు "వేడి చేసింది" అని ఊరుకొనక నాలుగు విషయములు చెప్పుడు: బాధ ఎచ్చట ఉన్నది, తాకినచో వేడి తెలియుచున్నదా, భోజనమునకు ముందా తరువాతా, దప్పిక ఉన్నదా. ఈ నాలుగును తెలిసినచో వైద్యుని పని సగము తేలికయగును.